తెల్లదిబ్బ అబిగయీలు, తలుపుల సంఘం

కోట బస్టాండులో టీ తాగేవాళ్లు చెప్పే మాట నమ్మకండి. తెల్లదిబ్బ అబిగయీలు ఊళ్లో వాళ్ల తలుపులన్నీ ఎత్తుకొచ్చి ఇంట్లో దాచిందని, టేకు ధర ఇంకాస్త పెరిగాక నెల్లూరు తీసుకెళ్లి అమ్ముతుందని వాళ్లంటారు. అసలవి టేకు తలుపులే కాదు, వేపచెక్కవి. ఇంకో రకం వాళ్లున్నారు. ఇసుక కంపెనీ దగ్గర ఎక్కువ గుంజడానికే ముసల్ది ఇల్లు కదలకుండా కూర్చుందని వాళ్ల వాదన. అదీ నిజం కాదు. ఇంటికి కంపెనీ ఇచ్చింది ఆమె అందరితోపాటే తీసుకుంది, వేలిముద్ర కూడా వేసేసింది. ఇక చేపల బుట్టలతో ఆటో ఎక్కే ఆడవాళ్లయితే ఆమెకు మతి చలించిందనీ, పొద్దుగూకేవేళ తలుపులతో మాట్లాడుతుందనీ చెప్పుకుంటారు. మాట్లాడుతుంది, అంతవరకు నిజమే. మాట్లాడటానికి అక్కడ ఇంకెవరున్నారు గనక?

జరిగింది మొదటి నుంచీ చెబితేగానీ ఆ తలుపుల సంగతి అర్థం కాదు.

కోట నుంచి సముద్రం వైపు పోతూ ఉంటే సరుగుడు తోటలు దాటాక నేల రంగు మారిపోతుంది. చక్కెర పోసినట్టు తెల్లటి ఇసుక. గాజు చేయడానికి పనికొచ్చే ఇసుక అది. లారీలు దాన్ని ఎత్తుకుపోతూనే ఉంటాయి, ఎన్నేళ్లకీ తరగనట్టే కనిపించేది. ఆ ఇసుక తవ్వి, జల్లించి, లారీలకెత్తే జనం గుంటల అంచునే తాటాకు గుడిసెలు వేసుకుని ఉండేవాళ్లు. తవ్వకం ముందుకు జరిగితే గుడిసె వెనక్కి జరిగేది. తుఫాను వస్తే తాటాకు లేచిపోయి ఎవరిదో రొయ్యల గుంటలో తేలేది. ఇల్లు కట్టుకుంటాం, అప్పివ్వండని బ్యాంకుకు పోతే స్థలం కాగితాలు అడిగారు. గవర్నమెంటు ఇసుక మీద బతికేవాళ్లకు కాగితాలెక్కడివి?

అప్పట్లో హజరత్తయ్య అని ఒక మేస్త్రీ ఉండేవాడు. పొట్టి మనిషి, గొంతు మాత్రం గుంట ఆ చివర వరకూ వినిపించేది. ఒకరికొకరం మనమే అప్పిచ్చుకుందామని అతనే లేవదీశాడు. కూలి చేతికొచ్చిన రోజున అందరూ కొంత పక్కన పెట్టాలి, కూడినదాంతో వరసగా ఒక్కొక్కరికీ గోడలు లేపాలి, ఇంట్లో చేరినవాడు మెల్లగా తీర్చాలి. అదే తెల్లదిబ్బ ఇళ్ల సంఘం. పేరు బాగానే ఉంది, మరి తీర్చనివాడి దగ్గర ఏం జప్తు చేస్తాం అని ఎవరో అడిగారు. స్థలం మనది కాదు, బంగారం ఎవరి ఒంటి మీదా లేదు, మేకను పట్టుకొస్తే దానికి మేత ఎవరు వేస్తారు? హజరత్తయ్య కాసేపు వక్క నమిలి, తలుపు తీసుకొద్దాం అన్నాడు. అందరూ నవ్వారు.

నవ్వినవాళ్లకే తర్వాత తెలిసొచ్చింది. గుడిసెకు ఉండేది తడిక. కుక్క తోసుకొస్తుంది, గాలి తోసుకొస్తుంది, తాగొచ్చినవాడూ తోసుకొస్తాడు. అలా పుట్టి పెరిగినవాళ్లకు లోపల గొళ్లెం పెట్టుకునే చెక్క తలుపు అంటే మాటలా? కొత్త ఇంట్లో చేరిన మొదటి వారం కొందరు ఆడవాళ్లు ఊరికే తలుపు వేస్తూ తీస్తూ ఉండేవాళ్లట. అందుకే తలుపు మాత్రం సంఘమే చేయించి ఇచ్చేది. అన్నీ ఒకే కొలత, ఒకే పచ్చరంగు. లోపలి వైపు సభ్యుడి నంబరు చెక్కి ఉండేది. నంబరున్నంత కాలం ఇల్లు మీది, తలుపు సంఘానిది. అప్పు తీరిన రోజు వడ్రంగి వచ్చి చిత్రిక పట్టి ఆ నంబరు తీసేసేవాడు. రాలిన చెక్కపొట్టు ఇంటామె కొంగులో పట్టుకుని, దాంతోనే పొయ్యి రాజేసి, పాయసం కాచి వీధంతా పంచేది. హిందువులైనా కిరస్తానీలైనా ఇదే పద్ధతి. తెల్లదిబ్బలో పెళ్లి పాయసం కన్నా చెక్కపొట్టు పాయసానికే జనం ఎక్కువ పోగయ్యేవాళ్లు.

తీర్చలేక వెనకబడితే తలుపు దిగేది. దానికీ కట్టుబాట్లు పెట్టారు. అన్నం ముందు కూర్చుని ఉంటే దించకూడదు. బాలింత ఉన్న ఇంట్లో దించకూడదు. తలుపు మడతబందులు విప్పేటప్పుడు రెక్క రెండో కొస ఆ ఇంటివాళ్లే పట్టుకోవాలి, అంటే వాళ్లకు తెలిసే దిగిందని లెక్క. తలుపు దించడానికి వచ్చిన మనిషి గడప దాటి లోపలికి పోకూడదు. లోపలి పేదరికం చూస్తే చెయ్యి ఆడదనీ, బయటికొచ్చి నలుగురికీ చెబుతారనీ ఆ కట్టుబాటు. బాకీ కట్టగానే తలుపు మళ్లీ ఎక్కేది. ఎక్కువమంది ఒక్క నెల కూడా ఆగలేకపోయేవాళ్లు. ఇసుక గాలికి అన్నంలో ఇసుక, పక్కలో ఇసుక, పసిపిల్లల చెవుల్లో ఇసుక.

ఆ వడ్రంగి పేరు సమాధానం. గూడూరు వైపు నుంచి వచ్చాడు. భార్య అబిగయీలు ఎప్పుడూ అతని వెంటే ఉండేది. అతను స్క్రూలు తిప్పితే ఆమె రెక్క మోసేది. పిల్లలు లేరు. ఇద్దరూ తలుపును చెరో వైపు ఎత్తుకుని ఇసుకలో నడుస్తుంటే పిల్లలు, మనిషి లేని పాడె పోతందిరా అని వెక్కిరించేవాళ్లు. సమాధానం జ్వరమొచ్చి నెల్లూరు ఆసుపత్రిలో పోయాక, ఇక ఈ పని ఎవరు చేస్తారని సంఘంలో మాటొచ్చింది. హజరత్తయ్య అబిగయీలు వైపు చూశాడు. ఆమెకు బందుల పని వచ్చు, చేతిలో స్క్రూడ్రైవరు ఉంది, తినడానికి మాత్రం ఏమీ లేదు. ఒప్పుకుంది.

సమాధానం ఉన్నప్పుడు తలుపు దించినందుకు అతన్ని తిట్టుకునేవాళ్లు, మళ్లీ బిగించినందుకు అతనికే టీ పోసేవాళ్లు. మగవాడు, సరిపోయింది. ఆడది వచ్చి తలుపు దించడం మాత్రం జనానికి మింగుడు పడలేదు. తలుపులమ్మ అని పేరు పెట్టారు. ఆమె కూరాకు కోసం వీధిలో నడిచినా, ఏం మే, మా ఇంటి దిక్కు చూస్తండావు, బందులు బిగువుగా ఉండాయా లేదా అనా అనేవాళ్లు. పురుళ్లకు పిలవరు, ఓణీలకు పిలవరు. ఎవరింట్లోనో పెళ్లయితే కార్డు ఇచ్చి, రావద్దని చెప్పలేక, భోజనాలు పొద్దుపోయి పెడతారక్కా నువ్వు నిద్ర ఆపుకోలేవులే అనేవాళ్లు. ఆరాధనలో చాప మీద ఆమె పక్కన ఇద్దరు పట్టేంత చోటు ఎప్పుడూ ఖాళీగా ఉండేది. చేసేది సంఘం పనే, సంఘంలో ఉన్నది ఆ జనమే, తీర్మానం చేసేదీ వాళ్లే. అయినా తలుపు మోసుకుపోయిన చెయ్యి అబిగయీలుది కదా.

ఒక్క మనిషి మాత్రం వేరుగా ఉండేది. పక్కింటి ఆదిశేషమ్మ. ఇద్దరి ఇళ్లకూ మధ్య ఒకటే గోడ. ఆదిశేషమ్మ జల్లెడ పని చేసేది. ఎప్పుడూ నవ్వుతూ, ఎదుటివాళ్లను నవ్విస్తూ ఉండే మనిషి. పని నుంచి రాగానే గోడ మీద గరిటెతో టకటక కొట్టేది, కాఫీ అయిందని దానర్థం. అబిగయీలు కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చి వాళ్ల వంటింట్లో పీట మీద కూర్చునేది. తెల్లదిబ్బలో ఆమె గడప దాటి లోపలికి పోయి కూర్చునే ఇల్లు అదొక్కటే. బియ్యంలో రాళ్లు ఏరుతూ ఆదిశేషమ్మ హాస్యమాడేది, నా తలుపు ఎప్పుడు తీసకపోతావో ఒక మాట ముందే చెప్పు మే, గోనెపట్టా కుట్టి పెట్టుకుంటా అని. ఇద్దరూ పగలబడి నవ్వుకునేవాళ్లు. హాస్యం కాబట్టి నవ్వారు.

ఆదిశేషమ్మ మొగుడు ఓబయ్య లారీ లోడింగు మనిషి. ఒకనాడు లారీ వెనక డోరు జారి కాలి మడమ మీద పడింది. ఎముక నుజ్జయింది. మంచం దిగడానికే ఒక పంటకారు గడిచిపోయింది. ఆదిశేషమ్మ కూలి మందులకే చాల్లేదు, సంఘానికి ఏం కడుతుంది? సంఘం వాళ్లూ మనుషులే, ఒక నెల చూశారు, ఇంకో నెల చూశారు. తర్వాత మీటింగులో ఎవరో గొణిగారు, వాళ్లది కాఫీ స్నేహం కదా, అక్కడ తలుపెందుకు దిగుతుందీ అని. ఆ మాట అబిగయీలు చెవిన పడింది. ఊరందరి తలుపులూ దించి, ఈ ఒక్కటి వదిలేస్తే ఇన్నాళ్లూ తను చేసింది ఏమిటి? ఎవరూ ఆమెను పొమ్మనలేదు. తనంతట తనే మర్నాడు స్క్రూడ్రైవరు తీసుకుని పక్కింటి గడప ముందు నిలబడింది.

ఆదిశేషమ్మ చీపురు పక్కన పెట్టి వచ్చింది. కట్టుబాటు ప్రకారం రెండో కొస పట్టుకుంది. పైబందు ఊడింది, కిందిబందు ఊడింది. రెక్క బరువు ఒక్కసారిగా చేతుల మీదికి వచ్చి అబిగయీలు తూలింది.

"మెల్లిగా మే, కాలి మీద పడేసుకునేవు," అంది ఆదిశేషమ్మ.

ఆ మాటే చివరిది. ఆమె తిట్టి ఉంటే, జుట్టు పట్టుకుని ఉంటే అబిగయీలు తట్టుకునేది. తిట్లు ఆమెకు అలవాటే. కాలు జాగ్రత్త అని చెప్పిన మనిషి ఎదుట మళ్లీ ఏ మొహం పెట్టుకుని నిలబడాలో ఆమెకు తెలియలేదు.

ఆ రోజు నుంచి గోడ మీద టకటక వినబడలేదు. అబిగయీలూ వెళ్లలేదు. తలుపు దించేటప్పుడు గడప దాటకూడదన్నది కట్టుబాటు. ఆమె దాన్ని తనకు తానే పొడిగించుకుంది, తలుపు మళ్లీ ఎక్కేదాకా ఆ గడప దాటకూడదని. దాటితే జనం ఏమైనా అంటారని కొంత, లోపల ఏం చూడాల్సి వస్తుందోనని కొంత. ఆదిశేషమ్మ గుమ్మానికి పాత చీర కట్టింది. గాలికి ఆ చీర కొట్టుకునే చప్పుడు గోడ ఇవతలికి వినిపించేది. ఓబయ్య మూలుగు వినిపించేది. ఆదిశేషమ్మ చేటతో ఇసుక ఎత్తి పోసే చప్పుడు రోజూ పొద్దున్నే వినిపించేది. అబిగయీలు చేపల పులుసు చేసి, కొంత గిన్నెలోకి తీసి, గిన్నె మీద పళ్లెం మూసి, చల్లారేదాకా చూసి, చివరికి తనే తినేది. అలా ఎన్నిసార్లు జరిగిందో. ఒకనాడు పొద్దున్నే చూస్తే పక్కింట్లో చీర లేదు, సామాను లేదు. కూతురు ఉషారాణి వచ్చి అమ్మానాన్నలను వాకాడు తీసుకెళ్లిపోయిందని తర్వాత ఎవరో చెప్పారు.

తలుపు సంఘం షెడ్డులో ఉండిపోయింది. అలా ఉండిపోయినవి మరికొన్ని అప్పటికే ఉన్నాయి. బాకీ కట్టలేక, అడగడానికి మొహం చెల్లక ఊరు వదిలిపోయినవాళ్లవి. అబిగయీలు వాటికి చెద పట్టకుండా ఇటుకల మీద నిలబెట్టి, నూనెగుడ్డతో తుడుస్తూ ఉండేది.

ఇప్పుడు తెల్లదిబ్బ ఎందుకు లేకుండా పోయిందో చెప్పాలి. అది పూర్తిగా వాళ్లు చేసుకున్నదే. ఇళ్లకు చోటు వెతికేటప్పుడు హజరత్తయ్య అందరినీ వెంటేసుకుని తిరిగాడు. వానాకాలంలో స్వర్ణముఖి పొంగినా నీళ్లు ఎక్కని చోటు కావాలి. అన్నిటికంటే ఎత్తయిన దిబ్బ చూశారు. పిడికెడు తీసి చూస్తే పాలలా తెల్లగా ఉంది, చెత్త లేదు, మట్టి లేదు. పుట్టినప్పటి నుంచి ఇసుక తవ్వే చేతులు కదా, మంచి ఇసుక చేతిలో పడగానే మురిసిపోయారు. అదే ఖాయం చేసుకుని, ఊరికి తెల్లదిబ్బ అని పేరు కూడా పెట్టుకున్నారు. ఇలాంటి ఇసుక కోసమే కంపెనీ లారీలు వస్తాయన్న సంగతి ఆ రోజు ఒక్కరికీ తట్టలేదు. చుట్టూ ఉన్నదంతా తవ్వేశాక ఇక మిగిలింది వాళ్ల ఇళ్ల కింద ఉన్నదే. తవ్వేదీ వాళ్లే, తవ్వాల్సిందీ వాళ్ల ఇళ్లనే. నవ్వాలో ఏడవాలో తెలియక చాలామంది నవ్వారు.

నిజం చెప్పాలంటే పెద్ద గొడవ కూడా జరగలేదు. కంపెనీ తరఫున కిషోర్ బాబు అని ఒక కుర్రాడు వచ్చి మర్యాదగానే మాట్లాడాడు. కట్టిన ఇంటికి ఇంత అని ఇస్తామన్నారు. పిల్లలందరూ నాయుడుపేటలోనో గూడూరులోనో పనుల్లో పడ్డారు, ఇసుక గాలిలో ఉండాలని ఎవరికీ లేదు. హజరత్తయ్య అప్పటికే పోయాడు. షామియానా కింద సంఘం చివరి మీటింగు పెట్టి, ఉన్నది పంచుకుని, ఉప్మా తిని లేచారు. అప్పుడు అబిగయీలు లేచి, షెడ్డులో తలుపులుండాయే, వాటి సంగతేంది అని అడిగింది. పొయ్యిలోకి పనికొస్తాయిలే అని ఎవరో అన్నారు. జనం నవ్వుకుంటూ చెప్పులేసుకున్నారు. ఆ సాయంత్రమే ఆమె ఆ తలుపులన్నీ తన ఇంట్లోకి ఈడ్చుకొచ్చింది. ఎవరూ రెండో కొస పట్టుకోలేదు.

ఇళ్లు ఒక్కొక్కటే పడిపోయాయి. తవ్వకం ఆ చివర నుంచి వస్తోంది, అబిగయీలు ఇల్లు ఈ చివరది. ముసలామెను తరిమినట్టు ఉంటుందని, కార్తీక వానల ముందు వరకూ ఉండమని కిషోర్ బాబే చెప్పాడు. ఆ గడువులోగా తలుపులన్నీ ఎవరివి వాళ్ల చేతికి ఇచ్చెయ్యాలని ఆమె పట్టుదల. మిగతావాళ్లు తీసుకుంటే తీసుకుంటారు, లేకుంటే లేదు. ఆదిశేషమ్మ తలుపు మాత్రం ఆదిశేషమ్మ తీసుకోవాలి. అది తీసుకుంటే చాలు, తను చేసింది చెల్లిపోయినట్టే అనుకుంది. తీసుకోకపోతే ఏమవుతుందన్నది ఆలోచించడానికే భయపడి ఆ తలుపును అన్నిటికంటే వెనక పెట్టింది.

కోటలో పెంచలకృష్ణ అని ట్రాలీ ఆటో అతను ఉన్నాడు. రొయ్యల మేత తోలుతుంటాడు. నోరు ఆగదు. తిరుగు బేరం ఉన్నప్పుడల్లా ఆమెను, ఒక తలుపునూ ఎక్కించుకునేవాడు. గూడూరులో మొదటి తలుపు తీసుకున్నవాడు దాన్ని ఇడ్లీ బండి పక్కన రెండు డ్రమ్ముల మీద పరిచి బల్ల చేసేశాడు, ఆమె చూస్తుండగానే. కోటలో ఒకామె కోడలు వింటుందేమోనని హడలిపోయి, ఆ సంగతులు ఇప్పుడెందుకక్కా అని దొడ్డివైపు నుంచి లాక్కుంది. నాయుడుపేటలో కొడుకు బయటికొచ్చి, మాకు స్టీలు తలుపుందమ్మా అని చూపించి, పోనీ కోళ్లగూటికి పెట్టుకుంటాంలే అన్నాడు. అందరూ మంచినీళ్లిచ్చారు. గ్లాసు బయటికే తెచ్చి ఇచ్చారు. లోపలికి రమ్మన్నవాళ్లు లేరు.

"వాళ్ల తప్పు కాదక్కా. నీ మొహం చూస్తేనే వాళ్లకి బందులు గుర్తొస్తండాయి," అన్నాడు పెంచలకృష్ణ తిరుగుదారిలో.

ఆమె కూడా నవ్వింది. ఆటోలో వెనక్కి వస్తుంటే ప్రతిసారీ ఇల్లు ఇంకాస్త ఖాళీ అయ్యేది. తలుపులు గోడకు ఆనించి ఉన్నన్నాళ్లు నలుగురు నిలబడి ఉన్నట్టుండేది. ఫలానా వాళ్ల తలుపు, ఫలానా వాళ్ల తలుపు అని పలకరించేది. చివరికి ఒకటే మిగిలింది.

ఎండ తగ్గిన ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక, ఆదిశేషమ్మ తలుపుతో వాకాడు బయలుదేరింది. దారి పొడవునా పెంచలకృష్ణ ఏదో చెబుతూనే ఉన్నాడు, ఆమెకు ఒక్క ముక్కా ఎక్కలేదు. ఉషారాణి ఇల్లు రేవు రోడ్డు వైపు. ఇంటి వెనక ఒక గది, ముందు చిన్న రేకుల పంచ. ఆ గదిలో గుమ్మానికి దగ్గరగా కూర్చుని ఆదిశేషమ్మ రొయ్యలు ఒలుస్తోంది. జుట్టు పూర్తిగా తెల్లబడింది. కళ్లకు పొర కమ్మింది, చేతులు మాత్రం వాటంతటవే పని చేస్తున్నాయి. ఓబయ్య పోయి అప్పటికే కొన్నేళ్లయిందని అబిగయీలుకు ఆటో దిగాకే తెలిసింది, ఉషారాణి చెబితే.

అబిగయీలు గుమ్మం బయటే నిలబడింది. తలుపును గోడకు ఆనించింది.

"ఎవరా?" అంది ఆదిశేషమ్మ.

"నేనే మే. అబిగయీలుని. నీ తలుపు తెచ్చినా."

ఆదిశేషమ్మ చేతులు ఆగాయి. మళ్లీ కదిలాయి. ఒక రొయ్య ఒలిచింది, ఇంకొకటి ఒలిచింది.

"ఈడ తలుపుంది కదా," అంది.

అబిగయీలు దారిలో కూడబలుక్కున్నవన్నీ చెప్పబోయింది. చెద పట్టనియ్యలేదని, నంబరు ఇప్పుడే చిత్రిక పట్టించేద్దామని, సంఘమే లేదు గనక బాకీ మాట ఎవరూ ఎత్తరని. ఆదిశేషమ్మ మధ్యలో ఆపింది. గొంతు పెంచలేదు. రొయ్యల మీద నుంచి తల కూడా ఎత్తలేదు.

"తలుపు తీసకపోయినందుకు నాకేం లేదు మే. సంఘంలో నేనూ ఉన్న్యా, నేనూ చెయ్యెత్తినదాన్నే. ఎంతమంది తలుపులు దిగలేదు? ఆ తలుపు లేని దినాల్లో ఊళ్లో కుక్కలన్నీ లోపలికొచ్చినాయి. మేకలొచ్చినాయి. ఇసుక వచ్చినాది. అడ్డం కూడా లేదు నీకు. నువ్వొక్కదానివే రాలా."

అబిగయీలు నోటి దాకా సంఘం కట్టుబాటు అన్న మాట వచ్చింది. ఆదిశేషమ్మకు ఆ కట్టుబాటు తనకన్నా బాగా తెలుసు.

"తలుపు దించేటప్పుడు దాటకూడదన్న్యారు. అంతే కదా వాళ్లు చెప్పింది," అంది ఆదిశేషమ్మ. "మిగతాది నువ్వే పెట్టుకున్న్యావు."

రోడ్డు మీద పెంచలకృష్ణ హారన్ కొట్టాడు. ఇంకో బేరం ఉందని ముందే చెప్పాడు. అబిగయీలు కదల్లేదు. "ఇప్పుడు రానా?" అని అడిగింది.

"చేతులన్నీ నీసు. కాఫీ కలిపే ఓపిక లేదు నాకు," అంది ఆదిశేషమ్మ.

రమ్మన్నట్టా, వద్దన్నట్టా? అబిగయీలు చెప్పులు విడిచింది. గడప దాటి లోపలికి పోయి, నేల మీద కూర్చుని, చేటలో నుంచి ఒక గుప్పెడు రొయ్యలు తీసుకుని ఒలవడం మొదలుపెట్టింది. పెంచలకృష్ణ రెండుసార్లు వచ్చి తొంగి చూసి, ఈసారి హారన్ కొట్టకుండా పోయి ఆటోలో పడుకున్నాడు. బేరం పోయిందని తర్వాత నెలరోజులు చెప్పుకున్నాడు గానీ, ఆ రోజు మాత్రం ఏమీ అనలేదు.

రొయ్యలు అయిపోయాయి. అబిగయీలు చేతులు కడుక్కుని లేచింది. తలుపు సంగతి మళ్లీ ఎత్తలేదు. అది వద్దన్న మాట ఆమెకు అర్థమైంది. ఆమె బయటికి వస్తుంటే ఆదిశేషమ్మ అడిగింది.

"ఆడ ఇంకా ఎవరుండారు?"

"ఎవరూ లేరు మే."

"పక్కన?"

"పక్కన గుంట వచ్చేసినాది."

ఆదిశేషమ్మ చీకటి కళ్లతో గుమ్మం వైపు చూసింది. "నాకు చూపు లేదు. నేను రాలేను," అంది. అదే మాట రెండోసారి కూడా అంది, తనకు తానే చెప్పుకున్నట్టు.

పెంచలకృష్ణా అబిగయీలూ తలుపును మళ్లీ ఆటోలోకి ఎక్కించారు. తిరుగుదారిలో ఆమె దాని మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. ఏడ్చిందని ఆటో అతను అందరికీ చెబుతుంటాడు. అది కూడా నమ్మకండి, ఆటోలో అతను కూర్చునేది ముందు, ఆమె ఉన్నది వెనక.

ఆ తర్వాత వాకాడు మళ్లీ వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదంటే, పిలవలేదు కదా అంటుంది. రావద్దనీ అనలేదు కదా అంటే, లేచి ఆ తలుపును నూనెగుడ్డతో తుడుస్తుంది. చెయ్యాలనుకున్న పని ఒక్కటే ఉండేది, అది ఆ ఆదివారంతో అయిపోయినట్టూ ఉంది, కానట్టూ ఉంది. తలుపు ఎవరికి ఇవ్వాలో ఇక తెలియదు. కిషోర్ బాబు కోటలో ఒక గది చూశానన్నాడు. సరే నాయనా అంటుంది, సామాను మాత్రం సర్దదు. డబ్బు కోసమూ కాదు, మొండితనమూ కాదు. ఆ గదికి పోయినా అక్కడ ఎవరింటి గడప ఎక్కాలో తెలియని మనిషి, ఎక్కడున్నా ఒకటే అనుకుంటోంది. పొద్దుగూకేవేళ యంత్రాలు ఆగి లారీలు పోయాక తెల్లదిబ్బలో ఒకే ఒక్క దీపం వెలుగుతుంది. గాలి లేస్తే గుంట అంచు నుంచి ఇసుక జారే చప్పుడు వినిపిస్తుంది. ఈసారి వానలు ముందే వచ్చేట్టున్నాయని చేపలవాళ్లంటున్నారు.

మీలో ఎవరైనా కోట వైపు వెళ్తే ఒక్కసారి ఆమెను చూసి రండి. సరుగుడు తోటలు దాటాక లారీల దారి వదిలేసి, ఎడమచేతి బాట పట్టండి, ఉన్నది ఒక్కటే ఇల్లు. బయట నిలబడి పిలిచి, మంచినీళ్లు తాగి వచ్చేయకండి. ఆమె లోపలికి రమ్మని అనదు, ఆ మాట ఆమె నోటికి అలవాటు లేదు. అనేదాకా ఆగకుండా మీరే లోపలికి వెళ్లి కాసేపు కూర్చోండి. పొయ్యి వెలిగిస్తోందా, అన్నం తింటోందా, ఇంటికీ గుంటకూ మధ్య ఇంకా ఎంత నేల మిగిలిందో చూడండి. అటు నుంచి వాకాడు పోయే పనుంటే, రేవు రోడ్డులో ఉషారాణి ఇల్లు అడిగి, అబిగయీలు ఎలా ఉందో ఆదిశేషమ్మకు ఒక మాట చెప్పండి.